తలుపు పక్క మంచం

ఆ అమ్మాయి ఒక వాక్యం చెప్పి ఆగుతుంది, ఆయన దానిని తమ భాషలోకి తెచ్చి ఆగుతాడు, ఆ రెంటి మధ్యా ఊపిరి తీసుకునేంత వ్యవధి మాత్రమే ఉంటుంది, ఆ వ్యవధిలో దుబాసీ అయినవాడు మరొకటి తలచకూడదు, ఎదుటివారి మాటకు తన నోరు అరువివ్వడమే అతని ధర్మం అని లామెక్ కచింగ్వే ఎందరికో బోధించాడు. మిషన్ బడికి ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న కాలంలోనూ, పదవీ విరమణ చేసి సంఘపెద్ద అయిన తరువాతా, డెడ్జా కొండల మీది ఈ ఆసుపత్రికి సేవ చేయడానికి వచ్చిన ప్రతి విదేశీయుడి పక్కనా ఆయన ఈ మందిరంలో ఇదే మెట్టు మీద, ఇదే బూడిదరంగు సూటులో నిలబడ్డాడు. ఆదివారం ఆరాధన చివర కొత్తగా వచ్చినవారు తమ తొలి అభిప్రాయాలను నాలుగు ముక్కల్లో చెప్పడం, వాటిని ఆయన అనువదించడం ఇక్కడి మర్యాద. ఈసారి వచ్చినది ఐల్సా అనే స్కాట్లాండు పిల్ల, వైద్యవిద్యార్థిని, ఎండ లేని దేశపు తెల్లదనం, చలికి ఎర్రబడిన ముక్కు, మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడి, "ఈ వేసవిలో మీ మధ్య పనిచేయడం నా అదృష్టం" అంది. వేసవి అన్న మాట దగ్గర ఆయన అరక్షణం ఆగాడు. ఇక్కడ జూన్ అంటే నడి చలికాలం, బయట పొగమంచు కొండల మీద నుంచి దిగి కిటికీలను మూసివేసింది, ఎడమ పక్క చాపల మీద ఆడవాళ్ళు, కుడి పక్క బల్లల మీద మగవాళ్ళు దుప్పట్లలో ముడుచుకుని కూర్చున్నారు, వీరితో వేసవి అంటే నవ్వుతారు; కనుక ఆయన "ఈ కాలేజీ సెలవుల్లో" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అనువాదమంటే ఇదీ అని అలవాటు కొద్దీ లోపల ఒక చిన్న గర్వం తలెత్తింది, తలెత్తి, ఈ ఉదయం తనకు ఇక్కడ తావు లేదని గ్రహించినట్టు మళ్ళీ ముడుచుకుంది.

ఎందుకంటే ఆ అమ్మాయి ఏం చెప్పబోతున్నదో ఆయనకు తెలుసు. ఎవరూ ముందుగా చెప్పలేదు, ఆయన అడగలేదు, అయినా ఇందాక ఆమె మెట్టెక్కుతూ ఆడవాళ్ళ వైపు చూసిన చూపులో, ఎవరినో వెతుకుతున్న ఆ చూపులో తెలిసిపోయింది, అప్పటినుంచి కాలర్ కింద చెమట, ఈ చలిలో చెమట. ఆమె మాత్రం తొందరపడలేదు. చన్నీళ్ళ గురించి చెప్పింది, ఆయన చెప్పాడు. దారిలో ఎదురైన ప్రతివారూ ఆగి, నిన్న ఎలా నిద్రపట్టిందని అడగడం తనకు ఎంతో నచ్చిందని చెప్పింది, ఆయన చెప్పాడు. రోగులకు తోడుగా వచ్చినవాళ్ళు వండుకునే వంటపాకలో ఒక్క నిమిషం నిలబడేసరికి పొగకు కళ్ళు మండి బయటికి పారిపోయానని చెప్పింది, ఆయన చెప్పేసరికి చాపల మీద నవ్వు లేచింది.

"పారిపోవడానికి ఆమెకు కాళ్ళున్నాయి, మాకు కుండలున్నాయి" అంది నాచిసాలె అవ్వ. ఏడాదిలో సగం రోజులు ఎవరో ఒక మనవడికో కోడలికో తోడుగా ఆ పాకలోనే కాపురముండే ముసలావిడ, ఆ పాకకు ఆమే రాణి.

"ఆమె ఏమంటున్నారు?" అని ఐల్సా నవ్వుతూ ఆయన వైపు వంగింది.

"మీతో ఏకీభవిస్తున్నారు" అన్నాడు ఆయన ఇంగ్లీషులో, ఎప్పటిలాగే ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలుకుతూ.

నవ్వు అణగింది. ఆ అమ్మాయి చేతులు విప్పి మళ్ళీ కట్టుకుంది. "అయితే నేను ముఖ్యంగా ఒక్క మనిషి గురించి చెప్పాలి" అంది. "స్త్రీల వార్డులో తలుపు పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఉన్నారు." తలుపు పక్క మంచం. ఇనుప మంచం, తల వైపు రంగు పోయి తుప్పు బయటపడినది, తలుపు తెరిచినప్పుడల్లా చలిగాలి నేరుగా దాని మీదికే వస్తుంది, అది ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆ తలుపు దగ్గర నిలబడి ఆ గాలిని ప్రతి ఉదయం లోపలికి పంపిస్తున్నది ఆయనే. ప్రతి ఉదయం ఇదే సూటులో వచ్చి, గడప దాటకుండా, నర్సును పిలిచి, రోగి పరిస్థితి ఎలా ఉన్నదని ఇంగ్లీషులో అడుగుతాడు. రోగి అంటాడు. అక్క అనడు. ఇంగ్లీషులో అడిగితే ఆ ప్రశ్న ఆసుపత్రి ప్రశ్నలా వినిపిస్తుంది, చుట్టూ ఉన్న మంచాల మీది ఆడవాళ్ళకు అర్థం కాదు, అర్థం కాదని ఆయన అనుకుంటాడు. మంచం మీద ఎనిఫా, ఆయన తోడబుట్టిన పెద్దక్క, పక్షవాతంతో సగం ఒళ్ళు చచ్చుబడి, మాట పడిపోయి, ఒక కన్ను మాత్రం తలుపు వైపే తిరిగి ఉంటుంది. ఆ కన్ను ఆయనను చూస్తుందో గాలిని చూస్తుందో చెప్పలేడు. "వార్డులో ఒక పెద్దావిడ ఉన్నారు" అన్నాడు జనంతో. తలుపు పక్క అన్న ముక్క నోటిలోనే ఉండిపోయింది. ముందు వరసలో ఇంగ్లీషు వచ్చిన నర్సు ఒకామె తన బూట్ల వైపు చూసుకుంది.

"ఆమెకు ఎవరూ లేరు" అంది ఐల్సా.

ఎవరూ లేరు. ఇది తమ భాషలో మామూలుగా అనే మాట కాదు. మేనమామలూ అన్నదమ్ములూ అందరూ మట్టిలో కలిసిపోయిన ఆడదాని గురించి, అదీ ఆమె లేనప్పుడు, గొంతు తగ్గించి అంటారు. ఇక్కడ ఆడవాళ్ళు భర్త సొత్తు కారు, తోబుట్టువు సొత్తు. ఆడపిల్లకు జబ్బు చేస్తే జనం భర్తను అడగరు, ఆమె అన్ననో తమ్ముడినో అడుగుతారు, పెళ్ళయినా చావయినా వ్యాజ్యమయినా అతని నోటి మాట లేకుండా ఏదీ జరగదు. అటువంటి తమ్ముడు ఈ మెట్టు మీద నిలబడి ఆమెకు ఎవరూ లేరని తన నోటితో చెబితే, చెప్పినవాడు చచ్చినట్టే. ఆయన గొంతు సవరించుకుని, "ఆమె తాలూకు వాళ్ళు ఇంకా రాలేదు" అన్నాడు. ఇది అబద్ధం కాదు, అని తనకు తాను చెప్పుకున్నాడు, వస్తుందని తను నర్సుకు చెప్పిన మాటకు ఇది కొనసాగింపే, చేర్చుకునే రోజున తోడు ఎవరుంటారని నర్సు అడిగితే, వస్తుంది, అన్నాడు కదా, ఎవరు వచ్చేదీ చెప్పలేదు, నర్సు అడగలేదు, అందరికీ తెలిసినదే కనుక. తల్లికి తోడుగా కూతురు వస్తుంది. ఎనిఫా కూతురు తియామికే వస్తుంది. తియామికే రావాలంటే మేనమామ పిలవాలి. మేనమామ పిలవలేదు.

పిలవడానికి ఏమున్నది, లింతిపే ఏటి అవతల ఊరే కదా, సైకిలు మీద ఒక పూట ప్రయాణం, ఎవరితోనైనా ఒక్క ముక్క చెప్పి పంపితే చాలు, ఆ ఒక్క ముక్కను ఆయన తన ఇంటి అరుగు మీద కూర్చుని ఎన్నిసార్లు కూర్చాడో, వ్యాకరణబద్ధంగా, హుందాగా, తాను తగ్గకుండా, ఎన్నిసార్లు కూర్చినా చివరికి అందులో రమ్మని అడగడం మిగులుతూనే ఉన్నది. ఆ పిల్లకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దించినది ఆయన, నర్సుల బడిలో సీటు కోసం బిషపు గారి దాకా వెళ్ళినది ఆయన, అది ఆ బడిని సగంలో వదిలి సైకిలు మీద మనుషులను మోసి బతికే ఒకడిని కట్టుకుంటానన్నది. పెళ్ళిమాటకు మగపెళ్ళివారి పెద్దలు వచ్చారు, ఆచారం ప్రకారం కోడిపుంజును తెచ్చి, ఎనిఫా వాకిట్లో చాప మీద కూర్చున్నారు. ఇటువైపు నుంచి మేనమామ వచ్చి ఎదురు చాప మీద కూర్చుని కోడిపెట్టను అందిస్తే అది పెళ్ళి, లేకపోతే కాదు. ఆయన వెళ్ళలేదు. బడిలో పని ఉన్నదన్నాడు, అప్పటికే పదవీ విరమణ చేసి ఉన్నా. ఆ పెద్దలు పొద్దు వాలేదాకా ఖాళీ చాపకు ఎదురుగా కూర్చుని, కాళ్ళు కట్టిన పుంజును మళ్ళీ చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు, ఊరంతా చూసింది. ఆ సాయంత్రం ఏడుస్తూ వచ్చిన తియామికేతో, నేను పిలిచేదాకా నా మొహం కనబడే చోటికి రాకు, అన్నాడు. అది ఎదురు మాట్లాడలేదు. అదీ ఆ మేనమామ పోలికే, మాటంటే మాట. పెళ్ళి కాని పెళ్ళితో లింతిపే దాటి వెళ్ళిపోయింది, అప్పటినుంచి ఆయన ఉన్న చోటికి రాలేదు, రాకూడదు, ఆ మాటను ఇచ్చినవాడే వెనక్కి తీసుకోవాలి, వేరెవరు కబురు పంపినా అది కదలదు. ఎనిఫా మాత్రం ఆయనను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు సమ్మతిగా తోచింది. ఎంత సుఖంగా తోచింది. ఇప్పుడు అనాలన్నా ఆమెకు నోరు లేదు.

ఐల్సా తలెత్తి ఆయన వైపు చూసి స్నేహంగా నవ్వింది. "ఆమె ఎవరని నేను కచింగ్వే గారినే అడిగాను" అంది. "మన సంఘ సభ్యురాలని చెప్పారు."

అవును, అన్నాడు. మొన్న వరండాలో, ఈ పిల్ల తన ఇంగ్లీషును మెచ్చుకుని, ఎక్కడ నేర్చుకున్నారని అడిగి, ఇద్దరూ ఒక బైబిలు వాక్యం గురించి ఆనందంగా మాట్లాడుకుంటూ నడిచి, ఆ తలుపు దగ్గరికి రాగానే, పాపం ఆవిడ ఎవరో మీకు తెలుసా అని అడిగితే, అసలు నిజానికి మరీ దూరం కాని మరో నిజాన్ని ఎంచి, షి ఈజ్ ఆఫ్ అవర్ కాంగ్రిగేషన్ అన్నాడు. వాక్యం తప్పు లేనిది. మంచం కింద కొత్త అల్యూమినియం కుండ, దాని మీద దుకాణం వాళ్ళు అంటించిన చీటీ ఇంకా ఊడలేదు, కొత్త బక్కెట్టు, రెండూ తను కొని పెట్టినవే, వాటిని కూడా ఈ పిల్ల చూసి, ఎవరో పాపం దయగలవాళ్ళు కొని పెట్టినట్టున్నారు అన్నది, దానికి తల ఊపాడు. ఎనిఫా కన్ను తలుపు వైపే ఉన్నది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ గొంతు వచ్చు, తమ్ముడి గొంతు, చిన్నప్పుడు ఇటువంటి జూన్ ఉదయాల్లో బడికి వెళ్ళబోయే ముందు వెచ్చని నీళ్ళు దోసిట పట్టి, చలికి పగిలిన ఆ మొహాన్ని మెల్లగా కడిగి, నూనె రాసి, పో, నేర్చుకో, అని వెన్ను తట్టిన చేతులకు ఆ గొంతు ఎక్కడ ఒదిగిందో ఎక్కడ తప్పించుకున్నదో తెలియకుండా ఉంటుందా. అక్కాతమ్ముళ్ళ మధ్య ఉండవలసిన మరుగు ఉన్నది, తమ్ముడు అక్క ఒంటి మీద నీళ్ళు పోయడం కూడదు, నిజమే, ఎవరూ ఆయనను అది చేయమనలేదు. చేయవలసినది నోటితో చేసే పని. నోరే ఆయన ఆస్తి.

జనం ఎదురుచూస్తున్నారు. ఆ వాక్యంలో ఆయన పేరు ఉన్నది, పేరుకు అనువాదం అక్కరలేదు, ఇంగ్లీషు రానివాళ్ళందరూ కచింగ్వే అన్న ఒక్క మాటను స్పష్టంగా విన్నారు, విని, ఆ పిల్ల ఆయన గురించి ఏమన్నదో తెలుసుకోవాలని నిటారుగా కూర్చున్నారు. నోరు తెరిచాడు. దుబాసీ అయినవాడు నేను అన్న చోట నేను అనాలి, కచింగ్వే గారిని అడిగాను అన్న చోట కచింగ్వే గారిని అడిగాను అనాలి, ఏళ్ళ తరబడి అంతే చేశాడు, ఏ తెల్లదొర ఏ తప్పు మాట అన్నా దిద్దకుండా చెప్పాడు, అదే తన నిజాయితీ అని చెప్పుకున్నాడు. "ఇక్కడి పద్ధతులు నేర్పినందుకు కచింగ్వే గారికి కృతజ్ఞతలు" అన్నాడు.

మాట బయటికి వచ్చాక దానిని తానే విన్నాడు. ముందు వరసలో నర్సు కళ్ళు మూసుకుంది. ఎవరో దగ్గారు.

"అంత చిన్న ముక్కకు ఆ పిల్లకి అంత పొడుగు ఇంగ్లీషు పట్టిందా మాస్టారూ" అంది నాచిసాలె అవ్వ, చాప మీద కూర్చునే, అమాయకంగా. "ఆ భాషలో కృతజ్ఞతకి చాలా గుడ్డ పడుతుంది కాబోలు."

దుప్పట్లలో నవ్వు కదిలింది, పైకి రాలేదు. పైకి వచ్చి ఉంటే బాగుండేది. వీళ్ళు ఆయనను గౌరవిస్తున్నారు, అదే భరించరానిది. వంటపాకలో ఇంతమంది ఆడవాళ్ళు ఉండీ ఎనిఫా కుండ పొయ్యెక్కకపోవడానికి కారణం వాళ్ళకు దయ లేక కాదు. తోబుట్టువు బతికి ఉండగా, అతని మాట లేకుండా, అతని అక్క కుండలో వేరేవాళ్ళు వండితే అతను చచ్చాడని లోకానికి చాటినట్టు. వాళ్ళు తమ పిల్లలకు జావ కాచుకుంటూ, ఆ తలుపు వైపు చూస్తూ, మాస్టారు ఇంకా చావలేదు కదా అని చేతులు ముడుచుకున్నారు. ఆయన పరువు కోసం ఎనిఫా ఆకలితో పడుకుని ఉన్నది. ఏ పరువూ ఎరగని ఈ పరాయి పిల్ల ఒక్కతే ఆ చీటీ ఊడని కుండను ఎత్తి పొయ్యి మీద పెట్టింది.

"రోజూ నేనే ఆమె ఒళ్ళు కడుగుతున్నాను, జావ కాచి పోస్తున్నాను" అంటోంది ఐల్సా, గొంతు కొంచెం మారింది. "కానీ ఆమె మింగడం లేదు. నోరు బిగించుకుంటారు. గొంతు బాగానే ఉన్నదని డాక్టరుగారు అన్నారు. నా చేతిలోనే ఏదో తప్పున్నది. తినకపోతే ఈ వారం దాటడం కష్టమట. ఆమె వాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే, ఆమె ఎలా తింటారో, ఏం చెబితే నోరు తెరుస్తారో నాకు నేర్పండి. నేను చేస్తాను."

నా చేతిలోనే తప్పున్నది, అన్నది. ఆయన దానిని ముక్క ముక్కగా చెప్పాడు. ఒక్క మాట తగ్గించలేదు, తలుపు పక్క మంచం అని కూడా ఇందాక వదిలేసినదానిని వెనక్కి వెళ్ళి తెచ్చి చేర్చాడు, ఎవరూ లేరు అన్నదీ చేర్చాడు, నేను కడుగుతున్నాను, నేను పోస్తున్నాను, నా చేతిలో తప్పున్నది, నేను నేను అని తన గొంతు తమ భాషలో అంటుంటే, ఆ నేను లోపల తను ఎక్కడా లేడని, ఆ చేతులు తనవి కావని, ఒక్క ఆ తప్పు మాత్రమే తనదని, ఒక్కొక్క మాట నాలుక మీద గరుకుగా రాసుకుని పోయింది.

"వినబడలేదు" అంది నాచిసాలె అవ్వ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు. "చివరిది, అడిగిందే, అది మళ్ళీ చెప్పండి మాస్టారూ. వయసయింది నాకు."

ఆయన మళ్ళీ చెప్పాడు. ఆమె వాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే.

"ఎవరూ పలకడం లేదు" అని ఐల్సా ఆయన చెవిలో చెప్పింది, బెంగగా. "బిడియపడుతున్నారేమో. దయచేసి వారిని లేచి నిలబడమని చెప్పండి."

లేచి నిలబడమని చెప్పాడు. మగవాళ్ళ బల్లల మీద తలలు ఒక్కొక్కటిగా వంగాయి, వయసు మళ్ళినవారు, ఆయన దగ్గర చదువుకున్నవారు, ఆయనను చూడకుండా ఉండడమే తాము చేయగలిగిన మేలు అన్నట్టు తమ మోకాళ్ళ వైపు చూసుకున్నారు. అంత మందిలో నిలబడి ఉన్న మనిషి ఆయన ఒక్కడే. ఇంకెలా నిలబడాలి. ప్రసంగపీఠం అంచు పట్టుకున్నాడు, అరుగు మీద కూర్చుని కూర్చిన హుందా అయిన వాక్యాలన్నీ వెతికాడు, ఒక్కటి దొరకలేదు, దొరికినదల్లా చిన్నపిల్లవాడు పొరుగింటి గుమ్మంలో నిలబడి అడిగేటటువంటి మాట.

"అవ్వా" అన్నాడు ఆడవాళ్ళ వైపు తిరిగి. "లింతిపే వైపు ఎవరైనా వెళ్ళేవాళ్ళున్నారా. తియామికేకి ఒక మాట చెప్పాలి. రమ్మని. వాళ్ళ అమ్మకు బాగా లేదని."

"నా అల్లుడు సైకిలు మీద ఇప్పుడే పోతాడు" అంది అవ్వ. "పోయి, ఎవరు రమ్మన్నారని చెప్పాలి? హెడ్మాస్టరుగారా, మామయ్యా? అది అడుగుతుంది మరి. హెడ్మాస్టరుగారు పిలిస్తే రాదు, అది బడి ఎప్పుడో మానేసింది."

ఎవరూ నవ్వలేదు.

"ఆమె ఏమడుగుతున్నారు?" అంది ఐల్సా. ఆమె మొహంలో ఆశ, ఎవరో దొరికారన్న ఆశ, చూడలేనంతగా వెలుగుతున్నది.

"ఆ రోగికి నేను ఏమవుతానని అడుగుతున్నారు" అన్నాడు ఆయన ఇంగ్లీషులో.

"మీరా?"

"నేను ఆమె తమ్ముణ్ణి."

ఆ పిల్ల ఆయన వైపు చూసింది. వరండా, బైబిలు వాక్యం, ఆవిడ ఎవరో మీకు తెలుసా అన్న ప్రశ్న, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ కళ్ళలోకి రావడం ఆయన చూశాడు. తరువాత వచ్చేది కోపం అనుకున్నాడు, దానికి సిద్ధపడ్డాడు, దానిని కోరుకున్నాడు కూడా. కోపం రాలేదు. చెవుల దాకా ఎర్రబడి, ఇంతమంది ఎదుట ఒక పెద్దమనిషిని తానే బట్టలూడదీసి నిలబెట్టినట్టు తల దించుకుని, "క్షమించండి" అంది సన్నగా. "నాకు తెలియదు."

ఆమె వాక్యం ముగించి ఆగింది. ఆయన జనం వైపు తిరిగాడు.

"క్షమించండి" అన్నాడు తమ భాషలో.

రెండో వాక్యాన్ని అనువదించలేదు. అది ఆ అమ్మాయి ఒక్కతే అనగలిగిన మాట.

నాచిసాలె అవ్వ నేల మీద చెయ్యి ఆనించి లేచింది, నడుముకు కట్టిన పైగుడ్డను విప్పి మళ్ళీ బిగించుకుంది. "అయితే మామయ్య అనే చెప్పిస్తాను" అని, చివరి దీవెన కోసం ఆగకుండా మంచులోకి నడిచింది.